రెండు ఫోర్కులు, ఒకటే తొవ్వ

బండి మీద నుంచి మగవాడు పడితే దానికి నూరు కారణాలు దొరుకుతాయి. రోడ్డు బాగాలేదంటారు, గుంత కనబడలేదంటారు, ఎదుటివాడు కళ్లలోకి లైటు కొట్టాడంటారు, కుక్క అడ్డమొచ్చిందంటారు, ఏదీ కుదరకపోతే ఆ రోజు తిథి మంచిది కాదంటారు. ఆడది పడితే ఒక్కటే కారణం, అది ఆడది కావడం. ఇక ఎవరూ వంగి బండి వంక చూడనక్కర్లేదు.

నేను పడ్డాను. నా పేరు దీప్తి. నాతోపాటు వెనక కూర్చున్న మా అత్తమ్మ మొగిలమ్మ కూడా పడింది. ఆమె కుడి మణికట్టు విరిగింది.

ఆదివారం పూట ఆమెను నర్సంపేటలో వాళ్లక్క ఇంటికి తీసుకుపోతున్నాను. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెల మంద. నేనేమీ ఉరికించడం లేదు, అత్తమ్మ వెనక ఉంటే అసలే ఉరికించను. ముందు బ్రేకు పట్టాను. లివరు పూర్తిగా నొక్కుకుంది గానీ చక్రం మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంది. గాబరాలో వెనక బ్రేకు గట్టిగా తొక్కాను. వెనక చక్రం జారి ఇద్దరం పక్కనున్న బురదలో పడ్డాం. గొర్రెల కాపరి ముందు తన గొర్రెలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, తర్వాత మమ్మల్ని లేపాడు. లేపుతూ అన్న మొదటి మాట, "మోటరు సైకిలు నీకెందుకమ్మా, స్కూటి కొనుక్కోరాదు?"

ఎందుకో చెప్తాను. నేను పశువుల దవాఖానలో అసిస్టెంటును. నర్సంపేట అవతల తండాల్లో బర్రెలకూ గొర్రెలకూ టీకాలు వేయడం నా పని. పొద్దున్నే ఐసు డబ్బా కట్టుకుని పత్తి చేన్ల మధ్య బాటల్లో పోవాలి. వానాకాలం వస్తే ఆ నల్లరేగడిలో స్కూటీ చిన్న చక్రాలు మునిగిపోయి ఇక లేవవు. ఒకసారి ప్రయత్నించి, స్కూటీని ఇద్దరు రైతులతో మోయించుకుని బయటపడ్డాను. అందుకే మోటరు సైకిలు. తన్నే బర్రె కాళ్ల మధ్య కూర్చుని సూది వేసేటప్పుడు నన్ను ఎవరూ ఆడదానివి నీకెందుకు అనలేదు. హ్యాండిల్ పట్టుకుంటేనే అందరికీ గుర్తొస్తుంది.

దవాఖానలో అత్తమ్మ చేతికి సిమెంటు కట్టు వేయించి, బండిని ట్రాలీలో వేయించుకుని ఇంటికి వచ్చేసరికి మా వాకిట్లో పంచాయితీ కూర్చునే ఉంది. మట్టెవాడలో మాది ఒకటే వాకిలి, రెండు వంటిళ్లు. కింద నేను, నా భర్త శేఖర్, అత్తమ్మ. పైన శేఖర్ వాళ్లన్న కుమారస్వామి బావ కుటుంబం. బావ మార్కెట్ యార్డులో పని చేస్తాడు. వాడలో పెద్దమనిషి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. బావ తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఎదురుగానే ఉన్నా "తమ్మీ, చాయ్ ఉంటే పొయ్యమను" అంటాడు. శేఖర్ ఇంట్లో లేకపోతే గోడకు చెప్తాడు. దీన్ని మర్యాద అంటారు. మర్యాదే కావచ్చు, నేను కాదనను. కానీ తిట్లు కూడా ఆ దారినే వస్తాయి. జవాబు మాత్రం ఆ దారిన తిరిగి పోదు.

"తమ్మీ," అన్నాడు బావ, నేను రెండడుగుల దూరంలో మోచేతికి అంటిన బురద కడుక్కుంటుండగా. "ఇయ్యాల అమ్మ చెయ్యి ఇరిగింది. రేపు మెడ ఇరుగుతది. ఆడమనిషి చేతికి గంత బండి ఇచ్చుడు మనదే తప్పు. తాళం ఇగ నా దగ్గర ఉంటది. నర్సంపేటల సదానందం బండి కోసం ఎప్పటిసంది అడుగుతాండు. వచ్చే ఆదివారం వచ్చి తీసుకపొమ్మంట."

హ్యాండిల్ లాక్ వేసి తాళం జేబులో వేసుకున్నాడు. శేఖర్ "సరే అన్నా" అన్నాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. అన్న ముందు మాత్రం ఆయన నోట్లో ఆ రెండు మాటలే ఉంటాయి.

లోపలికి రాగానే అడిగాను. "మరి నా నౌకరి?"

"బస్సుల పోరాదు?"

"తండాకు ఏ బస్సు పోతది? ఐసు డబ్బ నెత్తిన పెట్టుకొని నడువాల్నా?"

"జర ఓపిక పట్టు దీప్తీ. అన్న మన మంచికే చెప్తాండు."

మన మంచికే. ఈ మాట వింటే నాకు ఒంట్లో కారం పూసినట్టుంటుంది. ఆ వారమంతా వచ్చినవాళ్లు వచ్చినట్టు అత్తమ్మ కట్టును చూసి నాలుక చప్పరించి నా వంక ఒక చూపు పారేసి పోయారు. అందరూ అత్తమ్మ చేతిని అడ్డం పెట్టుకునే మాట్లాడారు. అత్తమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మంచంలో కూర్చుని వచ్చినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసేది.

పడ్డ మర్నాడు బండికి అంటిన బురద కడుగుతుంటే ముందు చక్రం దగ్గర నా వేళ్లు జారాయి. నీళ్లకు పోయే జారుడు కాదది. చక్రంతో తిరిగే డిస్కు పళ్లెం మీద, దాన్ని పట్టే బ్రేకు మీద నూనె. పైకి చూస్తూ పోతే డిస్కు ఉన్న వైపు ఫోర్కు నుంచి సన్నగా కారుతోంది. రెండో ఫోర్కు పొడిగా ఉంది. ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే ఈ ఫోర్కుల్లో ఒక పైపు ఇంకో గొట్టంలోకి దిగుతూ లేస్తూ గుంతల దెబ్బను మింగుతుంది. లోపల నూనె ఉంటుంది, అది బయటికి రాకుండా రబ్బరు సీలు ఉంటుంది. ఆ సీలు పోయింది. నూనె కారి బ్రేకు మీద పడింది. నూనె పూసిన బ్రేకు పట్టుకుంటే ఎంత, విడిస్తే ఎంత?

శేఖర్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "ఇగో. ఇందుకే ఆగలే."

ఆయన చూశాడు. చూసి, "గిప్పుడు అన్నకు చెప్తే సాకులు చెప్తాంది అంటడు" అన్నాడు.

అయినా నా పోరు పడలేక ఒక మెకానిక్‌ను ఇంటికి పిలుచుకొచ్చాడు. పిలవమన్నది నేను, చూపించింది నేను, అడిగింది నేను. మెకానిక్ జవాబులన్నీ శేఖర్‌కే చెప్పాడు. "సీలు పోయింది సార్. లేడీస్ గుంతలు చూడరు గదా, ధనధన ఎక్కిస్తరు. ఫోర్కు మొత్తం సెట్టు మార్చాలె. నన్నడిగితే మేడమ్‌కు స్కూటి కొనియ్యిండ్రి."

ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చచ్చినట్టయింది. బ్రేకు పడలేదంటే నేను సరిగ్గా పట్టలేదట. నూనె వల్ల పడలేదని చూపిస్తే ఆ నూనె కారడం కూడా నా వల్లేనట. ఇంకా లోపలికి పోతే బండి పుట్టడమే నా తప్పని తేలుస్తారేమో.

మా నాయన మరిపెడలో పంపు మోటార్లు విప్పేవాడు. సీలు ఊరికే పోదు బిడ్డా, దేని వల్లనో పోతది, అది చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతది అనేవాడు. మెకానిక్ విప్పకుండానే కారణం చెప్పాడు. విప్పకుండా చెప్పేది జోస్యం. నేను విప్పి చూద్దామనుకున్నాను. బండి అమ్మినా సరే, పోయింది దేని వల్లో తెలియకుండా దాన్ని గడప దాటనివ్వొద్దని పట్టుదల వచ్చింది. తాళం లేకపోతే బండి నడవదు గానీ విప్పడానికి తాళం అక్కర్లేదు. స్పానర్లు చాలు.

సెలవు పెట్టి వాకిట్లో గోనెసంచి పరిచాను. ఇంజను కింద ఇటుకలు, వాటి మీద చెక్క పెట్టి ముందు చక్రాన్ని నేల నుంచి లేపాను. చక్రం తీశాను. బ్రేకు ముక్కను దాని గొట్టం మీద బరువు పడకుండా తాడుతో హ్యాండిల్‌కు వేలాడదీశాను. మడ్‌గార్డు తీశాను. ఇక ఫోర్కు పైపును పైన పట్టుకున్న బోల్టులు వదులు చేసి, అటూ ఇటూ తిప్పుతూ కిందికి లాగాలి.

డిస్కు వైపు పైపు రాలేదు. దానికి ఒక ఎర్రగుడ్డ మూట కట్టి ఉంది. ముడి మీద ముడి, తడిసి ఆరి, ఆరి తడిసి రాయిలా బిగుసుకుంది. దాన్ని విప్పి పక్కన పారేశాక గానీ పైపు కదల్లేదు.

తీరా పైపు బయటికి వచ్చాక చూస్తే పైన ఉన్న మూతను ముందే వదులు చేయడం మర్చిపోయాను. చేతిలో పట్టుకుని తిప్పితే మూతతో పాటు పైపూ తిరుగుతుంది. నన్ను నేను తిట్టుకుని, మళ్లీ పైపును దాని చోట ఎక్కించి, బోల్టు బిగించి, అప్పుడు మూతను కదిలించాను. రెండోసారి బయటికి తీసి శేఖర్‌ను పట్టుకోమన్నాను. మూత చివరి చుట్టుకొచ్చేసరికి లోపలి స్ప్రింగు ఒక్క తోపు తోసింది. మూత ఎగిరి పైన రేకులకు తగిలి టంగుమంది.

ఆ చప్పుడుకు మేడ మీద నుంచి బావ తొంగి చూశాడు. కింద మసి చేతులతో నేను, నా ముందు విప్పిన బండి, పక్కన తెల్ల చొక్కాతో పైపు పట్టుకున్న శేఖర్.

"తమ్మీ, అమ్మే ముందు బాగు చేస్తాన్నవా? మంచి పని. నీకు గీ పని గూడ వచ్చా?"

"ఏదో... అట్ల అన్నా," అన్నాడు శేఖర్.

నేను శేఖర్ మొహం వంకే చూశాను. ఆయన నా వంక తప్ప అన్ని వైపులా చూశాడు. చొక్కా మీద ఒక్క మరక లేదు మహానుభావుడికి. నా చేతిలో ఉన్న స్పానరు ఎక్కడ పెట్టాలో నాకు ఆ క్షణంలో నిజంగా తెలియలేదు.

నూనె పాత తట్టలో ఒంచాను. నల్లగా, చేపలు కుళ్లిన వాసనతో వచ్చింది. అడుగు బోల్టు తీసి పైపును గొట్టంలోంచి లాగాను. రెండో ఫోర్కునూ అలాగే విప్పాను. రెండు పైపులనూ కిరోసిన్ గుడ్డతో తుడిచి పక్కపక్కన పెట్టాను.

ఎడమ చేతి వైపుది అద్దంలా ఉంది. అందులో నా మొహం, నెత్తి మీది రేకులు కూడా కనబడుతున్నాయి. డిస్కు వైపుది అలా లేదు. పై భాగంలో చుట్టూ పట్టీ వేసినట్టు తుప్పు. ఆ తుప్పులో చీమలు తొలిచినట్టు చిన్న చిన్న గుంటలు. వాటి కింద నిక్కెలు పూత పోయిన చారలు. మధ్యలో అడ్డంగా సన్నటి గీతలు, బ్లేడుతో గీసినట్టు. గోటితో రుద్దితే గోరు తట్టుకుంటోంది. ఆ పైపు పెద్ద గుంతలో దిగిన ప్రతిసారీ ఆ గరుకు రబ్బరు సీలును కొరికింది. కొరికి కొరికి చింపింది.

రెండు పైపులూ ఒకే బండివి. ఒకే తొవ్వలో, ఒకే గుంతల్లో తిరిగినవి. నడిపిన చెయ్యీ ఒకటే. నా నడపడమే తప్పయితే రెండూ పాడవ్వాలి కదా?

అప్పుడు పక్కన పారేసిన మూట వైపు చూశాను.

అది బావ కట్టిన మూట. అమాస అమాసకు బావ వాడలో బండ్లన్నిటికీ దిష్టి మూట కడతాడు. ఎర్రగుడ్డలో కల్లుప్పు, పటిక, నిమ్మకాయ. అందరి బండ్లకూ హ్యాండిల్‌కు కడతాడు. నా బండికి మాత్రం హ్యాండిల్‌కు ఒకటి, ఫోర్కుకు ఇంకొకటి. ఎందుకంటే నడిపేది ఆడమనిషి, దిష్టి ఎక్కువ, చక్రానికి దగ్గరగా కట్టాలని ఆయనే చెప్పాడు, శేఖర్‌కు. వానకు ఉప్పు కరిగి, నిమ్మపులుసుతో కలిసి, పైపు మీద కారి నిక్కెలు పూతను తినేసింది. ప్రతి అమాసకూ పాత ముడిని బ్లేడుతో కోసి తీసేవాడు. ఆ గీతలు ఆ బ్లేడువి.

నేను ఆడదాన్నని ఎక్కువ కట్టాడు. ఎక్కువ కట్టినందుకు సీలు పోయింది. సీలు పోయినందుకు పడ్డాను. పడ్డందుకు ఆడదాన్నని బండి లాక్కున్నాడు. కోపంతో నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు శేఖర్ భయపడ్డాడు.

చూపించాను. గోటితో గీకి చూడమన్నాను. ఆయన గీకాడు. మూట చూశాడు, పైపు చూశాడు, మొహం పాలిపోయింది. ఈసారికైనా ఒక మాట అంటాడనుకున్నాను.

"అన్నకు చెప్పకు దీప్తీ. బాధపడుతడు."

"నేను పడ్డది నీకు కనబడలే. మీ అమ్మ చెయ్యి కనబడలే. మీ అన్న పడబోయే బాధ మాత్రం ముందే కనబడ్డదా?"

ఆయన తల వంచుకున్నాడు. తల వంచుకునేవాళ్లతో పోట్లాడటమంత నరకం ఇంకోటి లేదు.

పైపు, రెండు వైపులకూ సీళ్లు తేవడానికి జహీరుద్దీన్ చాచా స్పేరు పార్టుల దుకాణానికి పోయాను. మా వాడలోనే. మోడల్ చెప్పాను, సంవత్సరం చెప్పాను, పాత సీలు చేతిలో పెట్టాను. ఆయన అన్నీ విని, "ఒకసారి సార్‌తోని ఫోన్ల మాట్లాడియ్యి బేటీ, సైజు తప్పు పోతే మల్ల తిప్పలు" అన్నాడు. ఫోన్ కలిపి ఇచ్చాను. అవతల నుంచి శేఖర్ గొంతు నాకూ వినబడింది. "నాకు తెల్వది చాచా, ఆమెనే అడుగు." చాచా ఫోన్ తిరిగిచ్చి, అరలోంచి డబ్బాలు తీశాడు.

బిగించే రోజు శేఖర్ పనికి పోయాడు. పైపును నిలువుగా పట్టుకునే మనిషి కావాలి. అత్తమ్మ మంచం దిగి వచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని, ఎడమ చేత్తో పైపును మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుంది. పైపు అంచుకు సీలు పెదవి తెగకుండా పాలితిన్ కవరు తొడిగి, నూనె రాసి, సీలును మెల్లగా దించాను. దాన్ని గూట్లో సమంగా కూర్చోబెట్టడానికి నల్లా పైపు ముక్క ఒకటి సరిగ్గా సరిపోయింది. దాంతో చుట్టూ తట్టుతూ పోతే చివరికి చప్పుడు మారింది, కూర్చున్నదని తెలిసింది. రెండిట్లోనూ నూనె ఒకే కొలత పడాలి. బర్రెలకు మందు పోసే పెద్ద సిరంజి కొత్తది ఒకటి నా సంచిలో ఉంది. దాంతో కొలిచి పోశాను.

పోస్తుంటే అత్తమ్మ అంది, "ఆనాడు నువ్వు బ్రేకు పట్టినవు. నేను చూసిన. నీ చేతి ఏళ్లు తెల్లగైనయి."

సిరంజి పక్కన పెట్టాను. "మరి గా మాట అందరి ముంగట చెప్పకపోతివి అత్తమ్మా?"

"నన్నెవలన్న అడిగిండ్రా?" అంది. ఆ గొంతులో కూడా నాలో ఉన్న మంటే ఉంది.

ఆదివారం నాటికి బండి తన కాళ్ల మీద నిలబడింది. హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కితే మెత్తగా దిగి మెత్తగా లేస్తోంది. చుక్క నూనె లేదు. డిస్కునూ బ్రేకునూ శుభ్రం చేసి, బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశాను. నడిపి చూద్దామంటే తాళం లేదు.

సదానందం వచ్చాడు. బావ మేడ దిగి వచ్చి, తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ బండి చుట్టూ తిరిగాడు. గేటు దగ్గర వాడలోని మగవాళ్లు నలుగురు చేరారు. నేను గడపలో నిలబడ్డాను.

"చూడు సదానందం, గిసోంటి బండి నీకు దొరకది," అన్నాడు బావ. "మా మరదలు నడిపింది. ఆడమనిషి చెయ్యి, మెత్తగ నడిపింది. ఎన్నడు ఉరికియ్యలే. మగపోరల లెక్క గుంతలల్ల దుంకియ్యలే. పువ్వుల పెట్టి చూసుకున్నది."

"యాడన్న పడ్డదా?"

"యాడ పడలే."

నేను విన్నాను. నా రెండు చెవులతో విన్నాను. ఇంట్లోవాళ్లకు నేను మెడలు విరగ్గొట్టేదాన్ని. కొనేవాడికి నేను పువ్వుల్లో పెట్టి నడిపేదాన్ని. లోపలికి పోయి పాత పైపునూ ఆ ఎర్ర మూటనూ తీసుకుని వాకిట్లోకి వచ్చాను.

"బావా," అన్నాను.

గేటు దగ్గరివాళ్లు కూడా నా వైపు తిరిగారు. పెళ్లయిన తర్వాత నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నేను మెత్తగ నడిపిన్నా, ఉరికిచ్చిన్నా? ఏదన్న ఒక్కటి చెప్పుండ్రి. సదానందం అన్నకు ఒకటి, మాకు ఒకటి వద్దు."

బావ నా వైపు చూడలేదు. "తమ్మీ, లోపలికి పొమ్మను."

శేఖర్ గొంతు సవరించుకున్నాడు. నేను ఆశలేమీ పెట్టుకోలేదు. ఆయన నేల చూపులు చూస్తూనే అన్నాడు, "బండి నేను బాగు చెయ్యలే అన్నా. ఆమెనే చేసింది. నేను ఉత్తగ పట్టుకున్న."

ఇంత ఆలస్యంగానా అనిపించింది. అయినా అన్నాడు.

పైపును సదానందం చేతిలో పెట్టాను. "గోటితోని గీకి చూడన్నా. తర్వాత బండికి ఎడమ దిక్కున్న పాత పైపును చూడు. ఒక్కటే బండి, ఒక్కటే తొవ్వ. ఒకటి అద్దం లెక్క ఉన్నది, ఒకటి పురుగు తిన్నట్టున్నది. దీనికి గీ మూట కట్టి ఉండె. ఉప్పు, నిమ్మకాయ. నూనె కారి బ్రేకు మీద పడ్డది, బండి ఆగలే, మేం పడ్డం."

సదానందం గీకాడు. వంగి రెండో వైపు కూడా చూశాడు. "నిజమే, కొరికింది," అని, బావ వైపు తిరిగి, "మరి యాడ పడలేదంటివి?" అన్నాడు.

గేటు దగ్గరి నలుగురిలో ఒకతను మెల్లగా జారుకుని, ఎదురుగా నిలబెట్టిన తన బండి ముందు గొంతుక్కూర్చుని హ్యాండిల్‌కున్న మూట కింద వేలు పెట్టి చూసుకోవడం నాకు కనబడింది. ఇంకొకతనూ పోయాడు.

బావ మొహం ఎర్రబడింది. "తమ్మీ, నేను మంచికే కట్టిన. కట్టినందుకే పానాలు దక్కినయని చెప్పు. లేకుంటే ఇద్దరు పోదురు."

"కట్టుడు తప్పు కాదురా," అంది వాకిట్లో వేసిన మంచం మీద నుంచి అత్తమ్మ. అందరూ అటు తిరిగారు. వారంలో మొదటిసారి వాడంతా ఆమె కట్టును వదిలి మొహం చూసింది. "నువ్వు కట్టినవు, నీకు తెల్వది, పాడైంది. అది తప్పు కాదు. పడ్డంక బిడ్డను అందరి ముంగట అన్నవు సూడు, అది తప్పు. బ్రేకు పట్టిందా అని నన్ను ఒక్కమాట అడిగినవా?"

సదానందం పైపును మెల్లగా గోడకు ఆనించి, "నేను మల్ల వస్త కుమారస్వామీ" అని గేటు వైపు నడిచాడు. అప్పుడు బావ తాళాన్ని వేలి నుంచి తీసి, శేఖర్ వైపు చాపాడు.

"సరే తమ్మీ. అయిందేదో అయింది. ఈసారికి మాఫ్ చేసిన అని చెప్పు. బండి పెట్టుకోమను."

మాఫ్ చేశాడట! నాకు! శేఖర్ చెయ్యి అలవాటు కొద్దీ తాళం వైపు లేచింది. నేను ఆయన మణికట్టు పట్టి కిందికి దించాను.

"మాఫ్ చేసుడు కాదు బావా, మాఫ్ అడుగుడు," అన్నాను. "అత్తమ్మను ముందుగాల అడుగుండ్రి. తర్వాత నన్ను. తాళం గూడ నా చేతికే ఇయ్యుండ్రి. తిట్టింది నన్ను, గుంజుకున్నది నా దగ్గర్నుంచి. మాట గూడ నాతోనే అనుండ్రి."

మేడ మీద నుంచి తోడికోడలు చూస్తోంది. బావ గోడ వైపు చూశాడు. తర్వాత మంచం దగ్గరికి పోయి, వంగి అత్తమ్మ కట్టు మీద చెయ్యి పెట్టాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె తల ఊపి, గడ్డంతో నా వైపు చూపించింది.

వచ్చి నా ముందు నిలబడ్డాడు. తాళం చాపాడు. నేను తీసుకోలేదు. నా చేతులు పక్కనే ఉంచుకున్నాను. ఆయన చెయ్యి అలా గాలిలో ఉండిపోయింది. పెద్దవాడు, జాలి వేయలేదంటే అబద్ధం. అయినా చెయ్యి చాపలేదు.

"తప్పైంది బిడ్డా," అన్నాడు బావ.

గొంతు చిన్నదే. కానీ గేటు దాకా వినబడింది. నా కోపం అప్పటికీ పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చెయ్యి మాత్రం చాపాను.